జబ్బ పట్టేసిందా? లాగకండి

"జుట్టు ముడి వేసుకోలేకపోతున్నానండీ" అంటారు. "జాకెట్టు వెనక హుక్కులు మా అమ్మాయి చేత పెట్టించుకుంటున్నా" అంటారు. "దండెం మీద చీర ఆరేయాలంటే ఎడం చేత్తో విసరాల్సొస్తోంది" అంటారు. మగవాళ్లయితే వెనక జేబులోంచి పర్సు తీయడం దగ్గర మొదలుపెడతారు, లేదా బస్సులో పైన రాడ్డు పట్టుకోవడం దగ్గర. భుజం నొప్పి అన్న మాట నాలుగో వాక్యంలోనో అయిదో వాక్యంలోనో వస్తుంది. ఫిజియోథెరపిస్టుగా ఇరవై ఏళ్లయింది కాబట్టి, వయసు నలభై అయిదు దాటిన మనిషి నోట ఇలాంటి మాటలు రెండు వినబడితే, చెయ్యి ముట్టుకోకముందే నేను అడిగే ప్రశ్న ఒకటుంది. "షుగర్ ఉందా?"

మెడ నొప్పి గురించి రాసిన వారం తర్వాత మీ దగ్గర్నుంచి వచ్చిన మెయిళ్లలో సగం మెడ గురించి కావు, భుజం గురించే. "మెడ నుంచి భుజానికి దిగిందా?", "నరం పట్టేసిందా?", "గూడు జారిందంటున్నారు, నిజమేనా?" అని. అందరికీ విడివిడిగా జవాబు రాయడం నావల్ల కాదు గనక ఈ వారం భుజమే.

మన ఇళ్లలో దీన్ని జబ్బ పట్టేసింది అంటాం. ఆ మాటలో తప్పేం లేదు, పట్టెయ్యడమే జరుగుతోంది. 1872లో డ్యుప్లే అనే ఫ్రెంచి సర్జన్ దీని గురించి రాశాడు. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో అమెరికాలో, బోస్టన్‌కి చెందిన కాడ్‌మన్ అనే సర్జన్ పెట్టాడు. ఆయన పేరు మీద ఒక వ్యాయామం కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను. 1945లో నెవియాజర్ అనే ఇంకో డాక్టరు, అసలు గొడవంతా కీలు చుట్టూ ఉండే సంచిలో ఉందని చెప్పి అడ్‌హెసివ్ క్యాప్సులైటిస్ అన్నాడు. మీ చీటీ మీద డాక్టరుగారు రాసేది ఆ పేరే. జపాన్ వాళ్లు మాత్రం వీటి జోలికి పోకుండా 'యాభయ్యేళ్ల భుజం' అని ఊరుకున్నారు. నాకు ఆ పేరే బావుంటుంది. వినగానే ఎవరికొస్తుందో తెలిసిపోతుంది.

భుజం కీలు మన ఒంట్లో అన్ని కీళ్లకంటే ఎక్కువ తిరిగేది. బొంగరంలా తిరగాలంటే గట్టిగా బిగించి ఉండకూడదు కదా. అందుకే గుండ్రటి ఎముక తల ఒక లోతులేని గుంటలో ఊరికే ఆనుకుని ఉంటుంది, చిన్న సాసర్‌కి పెద్ద నిమ్మకాయని ఆనించినట్టు. దాని చుట్టూ పల్చటి సంచి ఒకటి ఉంటుంది, అదే క్యాప్సూల్. ఆ సంచి చంక వైపున వదులుగా, మడతలు పడి ఉంటుంది. చెయ్యి పైకెత్తినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. జాకెట్టు చంక దగ్గర బిగుతుగా కుడితే ఏమవుతుందో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. చెయ్యెత్తితే కుట్టు విడిపోతుంది, లేకపోతే చెయ్యే లేవదు. పట్టేసిన భుజంలో జరిగేది ఇదే. ముందు ఆ సంచికి వాపు వస్తుంది, తర్వాత అది మందంగా తయారై ముడుచుకుపోతుంది. డై ఎక్కించి తీసే ఎక్స్‌రేలో మామూలు కీలు సుమారు ఇరవై మిల్లీలీటర్ల పైనే పట్టించుకుంటుంది. పట్టేసిన కీల్లోకి పది ఎక్కించడం కూడా కష్టం. మామూలు ఎక్స్‌రేలో మాత్రం ఏమీ కనబడదు. "ఎక్స్‌రే నార్మలే అన్నారు, మరి నాకీ నొప్పేంటి?" అని చాలామంది అడిగేది అందుకే.

ఇంట్లో మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మోచేతులు రెండూ నడుముకి ఆనించి, తొంభై డిగ్రీలు మడిచి, అరచేతులు ఎదురెదురుగా పెట్టండి. మోచేతులు కదలకుండా, తలుపు రెక్కలు తెరిచినట్టు ముంజేతులు రెండూ పక్కలకి తెరవండి. బాగున్న చెయ్యి సగం పైగా తెరుచుకుంటుంది. పట్టేసిన చెయ్యి కొంచెం కదిలి ఆగిపోతుంది. ఇప్పుడు ఇంకొకరిని ఆ చేతిని మెల్లిగా బయటికి తిప్పమనండి. వాళ్లు తిప్పినా తిరగకపోతే ఇదే. మీ అంతట మీరు తిప్పలేకపోయి, వేరేవాళ్లు తిప్పితే మాత్రం సుఖంగా తిరిగిందనుకోండి, అది వేరే జబ్బు, కండరమో దాని స్నాయువో చిరిగి ఉండొచ్చు. ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు. ఇద్దరికీ ఒకే నూనె రాసి ఒకే రకంగా లాగే వాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు లెండి.

షుగర్ ఎందుకడుగుతానో చెప్తాను. మామూలు జనంలో నూటికి ఇద్దరు ముగ్గురి నుంచి అయిదుగురి దాకా దీని బారిన పడతారని లెక్క. షుగర్ ఉన్నవాళ్లలో అది పది నుంచి ఇరవై. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లలోనూ ఎక్కువే. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కీళ్ల చుట్టూ ఉండే కొల్లాజెన్ పోగులకి అతుక్కుని వాటిని బిరుసుగా చేస్తుంది. భుజం పట్టేసిన వాళ్లని నేను ఒకసారి నమస్కారం పెట్టమంటాను. వాళ్లు నవ్వుతూ పెడతారు. కొందరికి అరచేతులు రెండూ ఆనవు, వేళ్ల మధ్య సందు మిగిలిపోతుంది. వాళ్లకి షుగర్ చేతుల దాకా వచ్చిందని అర్థం. తమకి షుగర్ ఉందన్న సంగతి భుజం నొప్పి వల్లే బయటపడ్డ వాళ్లు నా రిజిస్టర్‌లో చాలామంది ఉన్నారు. అందుకే అంటాను, మీకు ఈ నొప్పి మొదలై, ఏడాదిగా షుగర్ టెస్టు చేయించుకోకపోతే, నా దగ్గరికో ఇంకొకరి దగ్గరికో వచ్చేలోపు ల్యాబుకి వెళ్లండి.

ఇందులో మూడు దశలుంటాయని చెప్తారు. మొదటిది నొప్పి దశ. రాత్రుళ్లు ఆ పక్కకి తిరిగి పడుకోలేరు, ఎవరైనా పొరపాటున చెయ్యి తగిలిస్తే కళ్లల్లో నీళ్లొస్తాయి. ఇది కొన్ని నెలలుంటుంది. రెండోది బిగుసుకుపోయే దశ. నొప్పి తగ్గుతుంది గానీ చెయ్యి కొయ్యలా ఉంటుంది. ఇదో ఏడాది దాకా ఉండొచ్చు. మూడోది విడిచే దశ. మెల్లగా, నెలకి ఒక జానెడు చొప్పున, చెయ్యి పైకి వస్తుంది. మొత్తం కలిపి ఏడాది నుంచి మూడేళ్లు. ఈ లెక్క చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం మాడిపోతుంది. "మూడేళ్లా?" అని. ఇంకో మాట కూడా చెప్పాలి. దానంతటదే పూర్తిగా పోతుందని పాత పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడంత ధీమాగా ఎవరూ చెప్పడం లేదు. చాలామందికి పని నడిచేంత వరకు వస్తుంది, కొందరికి కొంచెం బిగుతు మిగిలిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ మిగులుతుంది.

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఒకావిడ ఉంది. నలభై ఎనిమిదేళ్లు. కిందటేడాది కార్తీకమాసంలో కుడి చెయ్యి ఎడం చేత్తో పట్టుకుని వచ్చింది. అప్పటికి నొప్పి మొదలై మూడు నెలలు. ఆవిడ మొదటి ఆరువారాలు జండూబామ్ రాసుకుంది. తర్వాత ఎవరో చెప్తే పక్క ఊళ్లో నరాలు సరిచేసే ఒకతని దగ్గరికి వెళ్లింది. అతను చేత్తో తడిమి "గూడు జారింది" అన్నాడట. చంకలో మడమ ఆనించి, మణికట్టు పట్టుకుని ఒక్క ఊపున లాగాడట. "ఆ తర్వాత తొమ్మిది రాత్రులు నిద్రపోలేదు మేడంగారూ, కూర్చునే తెల్లవారేది" అంది. గూడు నిజంగా జారి ఉంటే మనిషి మూడు నెలలపాటు మిషను తొక్కుతూ కూర్చోదు. భుజం గుండ్రటి ఆకారమే పోతుంది, పక్కనున్న వాళ్లకి కంటికి కనబడుతుంది. ఆవిడది జారలేదు, పట్టేసింది. వాచి ఉన్న సంచిని లాగితే చిరుగుతుంది, చిరిగిన చోట మళ్లీ వాస్తుంది. కాస్త పెద్ద వయసు, బోలు ఎముకలు ఉన్న మనిషయితే జబ్బ ఎముకే విరుగుతుంది. అలా విరిగి వచ్చిన వాళ్లనీ చూశాను.

నాటువైద్యం అంతా దండగ అని నేననను. పుత్తూరు కట్టుకి మన రాష్ట్రం దాటి జనం వెళ్తారు. విరిగిన ఎముకని కదలకుండా పెట్టడంలో వాళ్లకి తరాల అనుభవం ఉంది. కానీ భుజం పట్టెయ్యడం ఎముక విరగడం కాదు. దీనికి కట్టు కట్టి నెల్లాళ్లు కదలకుండా పెడితే ఉన్న కదలిక కూడా పోతుంది. నువ్వులనూనె వెచ్చచేసి మెల్లగా రాయించుకోండి, అభ్యంతరం లేదు, హాయిగా ఉంటుంది. లాగించుకోవడమే వద్దు.

ఆవిడ భయం నొప్పి గురించి కాదు. మోటారు మిషను డ్వాక్రా లోను మీద కొన్నది, ఇంకా వాయిదాలున్నాయి. పెద్దమ్మాయి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. మాఘమాసం పెళ్లిళ్ల జాకెట్లకి ముందుగానే బయానాలు తీసుకుంది. "మిషను అమ్మేసి ఏదైనా బట్టల కొట్లో చేరమంటున్నాడు మా మరిది. మాఘమాసానికి చెయ్యి వస్తదా రాదా, అది చెప్పండి చాలు" అంది. రాదు అని చెప్పాను. కార్తీకంలో వచ్చి మాఘంలో బాగవుతుందని ఎవరైనా మాటిస్తే వాళ్లు ఈ జబ్బు చూడనట్టే. "చెయ్యి రాదు, కానీ పని ఆగక్కర్లేదు, మిషను అమ్మొద్దు" అన్నాను. మనిషి నమ్మలేదు.

ల్యాబు రిపోర్టులో పరగడుపు షుగర్ 212 వచ్చింది. ఆవిడకి షుగర్ ఉన్నట్టు అప్పటిదాకా తెలీదు. ఫిజీషియన్ దగ్గర మందులు మొదలయ్యాక ఆర్థోపెడిక్ డాక్టరుగారు కీల్లోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. స్టెరాయిడ్ అనగానే మన వాళ్లు హడలిపోతారు. కీల్లోకి ఇచ్చే ఒక ఇంజెక్షన్ వేరు, నెలల తరబడి మింగే మాత్రలు వేరు. నొప్పి దశలో ఈ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, ఆలస్యమై చెయ్యి కొయ్యబారాక ఇస్తే లాభం తక్కువ. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. ఆవిడకి అయిదు రోజులు పెరిగి దిగింది. పదో రోజుకి రాత్రి నాలుగు గంటలు ఒక్క బిగిన నిద్రపోయానంది. నా లెక్కలో అదే మొదటి మెట్టు. నిద్రలేని మనిషికి ఏ వ్యాయామం చెప్పినా చెయ్యలేదు.

ఇక చేత్తో మేం చేసేది ఏవిటి? బయటనుంచి చూసేవాళ్లకి మేమూ చెయ్యి పట్టుకుని కదిపేవాళ్లమే, ఆ నరాల అతనూ కదిపేవాడే. తేడా ఎంత, ఎటు, ఎంత మెల్లగా అన్నదాంట్లో ఉంది. ఆస్ట్రేలియాకి చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ అనే ఫిజియోథెరపిస్టు ఈ కదలికలకి గ్రేడులు పెట్టాడు. మొదటి రెండు గ్రేడుల్లో కీలుని దాని బిగుతు దాకా తీసుకెళ్లనే వెళ్లం, వదులున్న చోటనే చిన్నగా ఊపుతాం. అవి నొప్పి తగ్గడానికి. మూడు, నాలుగు గ్రేడుల్లో బిగుతు మొదలయ్యే చోటికి వెళ్లి అక్కడ తాకి తాకి వెనక్కొస్తాం. అవి బిగుతు విడవడానికి. ఇవన్నీ లయగా సాగేవి, రోగి వద్దంటే ఆ క్షణంలో ఆగేవి. ఒక్క ఊపున చేసే నెట్టుడు అయిదో గ్రేడు. పట్టేసిన భుజం మీద నేనది చెయ్యను. ఎముక తలని గుంటలో కిందికీ, ముందుకీ, వెనక్కీ కొన్ని మిల్లీమీటర్లు జరుపుతాం, అంతే. చూసేవాళ్లకి ఏం జరిగిందో కూడా తెలీదు. "ఇంతేనా మేడం, ఊరికే పట్టుకుని కూర్చున్నారుగా" అని ఒక పెద్దాయన ఫీజు ఇస్తూ అడిగాడు కూడా.

నొప్పెట్టేలా చేస్తేనే పనిచేసినట్టని మనవాళ్ల నమ్మకం. కళ్లనీళ్లు తెప్పించకపోతే డబ్బులు దండగైనట్టు అనుకుంటారు. నెదర్లాండ్స్‌లో డిర్క్స్, స్టీవెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 77 మంది పట్టేసిన భుజాలవాళ్లని రెండేళ్లు గమనించి 2004లో ఫలితం ప్రచురించారు. కొందరికి నొప్పిని దాటి లాగే గట్టి వ్యాయామాలు చేయించారు. మిగిలినవాళ్లకి జబ్బేంటో వివరంగా చెప్పి, నొప్పి రానంత వరకే కదుపుకోమని, మామూలు పనులు చేసుకోమని వదిలేశారు. రెండేళ్లు తిరిగేసరికి మెల్లగా చేసుకున్న వాళ్లలో నూటికి 89 మందికి భుజం దాదాపు మామూలుగా అయింది. గట్టిగా లాగించుకున్న వాళ్లలో 63 మందికే. అది లాటరీ వేసి జట్లు విడదీసిన పరీక్ష కాదు కాబట్టి అదే ఆఖరి మాట అననుగానీ, నా చేతి కింద చూసింది దాంతో సరిపోయింది. ముఖ్యంగా నొప్పి దశలో ఎంత లాగితే అంత బిగుస్తుంది.

మా వృత్తిలోనే ఉన్న ఒక అలవాటు గురించి కూడా చెప్పాలి. "కరెంటు పెట్టించుకుంటున్నా" అని జనం అంటుంటారు. మంచం మీద పడుకోబెట్టి, భుజానికి నాలుగు ప్యాడ్లు అంటించి, మిషను ఆన్ చేసి, ఇరవై నిమిషాల తర్వాత టైమరు మోగితే ఆయా వచ్చి తీసేసే వైద్యం. పది సిట్టింగులకి ఒక ప్యాకేజీ, ఇరవైకి డిస్కౌంటు. ఆ కరెంటు వల్ల కాసేపు నొప్పి తెలీకుండా ఉండొచ్చు, వేడి కాపడంతో ఉన్నట్టే. ముడుచుకున్న సంచిని అది విప్పదు. ఇరవై రోజులు వెళ్లినా ఫిజియోథెరపిస్టు మీ చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూడలేదంటే, ఎన్ని డిగ్రీలు లేస్తోందో కొలిచి రాయలేదంటే, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పలేదంటే, మీరు కరెంటు బిల్లు కడుతున్నట్టే. మా రోజుల్లో ఫిజియోథెరపీ డిగ్రీ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. అంత చదివింది స్విచ్చి వెయ్యడానికి కాదు.

ఆపరేషన్ మాటేవిటని అడుగుతారు. బ్రిటన్‌లో 35 ఆసుపత్రుల్లో 503 మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ఈసారి లాటరీ పద్ధతిలోనే విడదీశారు. ఒక జట్టుకి ఇంజెక్షన్, పద్ధతిగా ఫిజియోథెరపీ. రెండో జట్టుకి మత్తిచ్చి చెయ్యి తిప్పి విడదీయడం. మూడో జట్టుకి చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి సంచిని కోసి వదులు చెయ్యడం. ఏడాదికి మూడు జట్లూ బాగా మెరుగయ్యాయి. ఒకటి మిగతా రెండింటికంటే చెప్పుకోదగ్గంత మేలని తేలలేదు. ఫిజియోథెరపీ జట్టులో కొంతమందికి తర్వాత ఇంకో వైద్యం కావాల్సొచ్చింది. కీహోల్ ఆపరేషన్ జట్టులో తీవ్రమైన ఇబ్బందులు కాస్త ఎక్కువ కనిపించాయి. కాబట్టి మొదటే ఆపరేషన్‌కి పరుగెత్తక్కర్లేదు. నెలల తరబడి సరిగ్గా చేసినా చెయ్యి అంగుళం కదలకపోతే అప్పుడు ఆ దారి ఉంది, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇంట్లో చేసేవి చెప్తాను. కాడ్‌మన్ పేరు మీద ఉన్నది మొదటిది. బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి నడుము దగ్గర వంగండి. నొప్పి చెయ్యిని గుడిగంట నాలుకలా కిందికి వేలాడనివ్వండి. చేతిని ఊపొద్దు, ఒంటిని ముందుకీ వెనక్కీ ఊపండి, చెయ్యి దానంతటదే ఊగుతుంది. ఒక నిమిషం, రోజుకి నాలుగైదు సార్లు. చెయ్యి బరువుకే కీలులో కాస్త జాగా దొరుకుతుంది.

రెండోదానికి పాత గొడుగు చాలు. వెల్లకిలా పడుకుని, నొప్పి వైపు మోచెయ్యి కింద మడిచిన తువ్వాలు పెట్టి, నడుముకి ఆనించి ఉంచండి. గొడుగుని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, బాగున్న చేత్తో నొప్పి చేతిని పక్కకి నెట్టండి. బిగుతు తగిలిన చోట పది పదిహేను అంకెలు లెక్కపెట్టి వెనక్కి రండి. ఈ పక్కకి తెరిచే కదలికే అందరికంటే ముందు పోతుంది, దీన్ని రాబట్టకుండా చెయ్యి పైకెత్తడానికి పోరాడటం అనవసరం. మూడోది, గోడ ముందు నిలబడి వేళ్లతో బల్లిలా పైకి పాకడం. ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వెయ్యండి. రోజూ గీత చూసుకుని దిగులుపడొద్దు, పదిహేను రోజులకోసారి చూడండి. భుజం చెవి దగ్గరికి ఎగరేసి గీత పెంచుకోవడం మోసం, అద్దంలో చూసుకోండి. వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగే వ్యాయామం యూట్యూబ్‌లో అందరూ మొదటే చూపిస్తారు, అది ఆఖర్న చెయ్యాల్సింది.

ఎంత నొప్పి దాకా? చేసేటప్పుడు పదికి మూడు నాలుగు వంతుల లాగుడు పర్వాలేదు. ఆపాక అరగంటలో తగ్గాలి. ఆ రాత్రి నిద్ర చెడితే పగలు చేసింది ఎక్కువైనట్టు, మర్నాడు సగం చెయ్యండి. పడుకునేటప్పుడు నొప్పి చెయ్యి కింద, మోచేతి దగ్గర్నుంచి, ఒక దిండు పెట్టుకోండి. చెయ్యి వెనక్కి వేలాడకపోతే సగం రాత్రి గెలిచినట్టే.

జాకెట్ల ఆవిడ సంగతి. మిషను మీద కుట్టడం ఆవిడకి పెద్ద కష్టం కాలేదు, మోచేతులు ఒంటి దగ్గరే ఉంటాయి. అసలు చిక్కంతా కటింగులో. ఎత్తు బల్ల మీద గుడ్డ పరిచి, ఒళ్లంతా సాచి కత్తెర నడిపేది. నేను వెళ్లి చూశాను. బల్ల నాలుగంగుళాలు కిందికి దించాం, కాళ్లు కోయించి. గుడ్డ చుట్టూ చెయ్యి సాచకుండా, గుడ్డనే తన వైపు తిప్పుకుంటూ కొయ్యమన్నాను. కొలతలు తీసుకోవడానికి చెయ్యెత్తలేదు గనక అందరినీ ఆది జాకెట్టు తెమ్మంది. చిన్నమ్మాయి సెలవుల్లో ఆది పెట్టి గుర్తులు వెయ్యడం నేర్చుకుంది. మాఘమాసంలో ఒప్పుకున్న వాటిలో సగం కుట్టింది, మిగతా సగం బయానాలు తిరిగిచ్చేసింది. ఆ నెల వాయిదా అక్కచెల్లెళ్లు సర్దారు. మరిది మళ్లీ మిషను మాటెత్తితే "దాని మీదే కదా ఈ నెల బియ్యం వచ్చింది" అందట.

వారానికి రెండుసార్లు వచ్చేది, ఉగాది తర్వాత వారానికోసారి. మొదటిరోజు పక్కకి పది డిగ్రీలు తెరుచుకున్న చెయ్యి శ్రావణానికి ముప్పై అయిదుకి వచ్చింది, ఇప్పుడు యాభై. ఎడం చెయ్యి డెబ్భై ఉంది కాబట్టి ఇంకా తేడా ఉంది. చెయ్యెత్తి జుట్టు ముడి వేసుకుంటోంది, పైన హ్యాంగర్లకి అందుకుంటోంది. వీపు వెనక్కి మాత్రం నడుము దాటడం లేదు. "నా జాకెట్లకి ముందు హుక్కులే పెట్టుకుంటున్నా, వెనక హుక్కులు గిరాకీలకి" అంటుంది. బల్ల కాళ్లు మాత్రం మళ్లీ పెంచలేదు. ఇదే సుఖంగా ఉందట.

భుజం నొప్పులన్నీ ఇదే అనుకోవద్దు. ఎడం భుజం నొప్పితో పాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వ్యాయామాలూ నా కాలమూ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గుండె నొప్పికి ఒక తేడా ఉంటుంది. చెయ్యి కదిపినా కదపకపోయినా అది అలాగే ఉంటుంది, మెట్లెక్కితే పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి గుండెనొప్పి అంత స్పష్టంగా తెలియకపోవచ్చు కూడా, అనుమానమొస్తే ఈసీజీ తీయించుకోండి. పడ్డ తర్వాత మొదలైన నొప్పి, జ్వరంతో ఎర్రగా వాచిన భుజం, చెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రీపగలూ ఒకేలా ఉండే నొప్పి, ఇవన్నీ ముందు డాక్టరు చూడాల్సినవి. అక్కడ నా పని తర్వాత.

చివరిగా, చాలామంది అడిగిన ప్రశ్న. "ఒకసారి తగ్గాక మళ్లీ వస్తుందా?" అదే భుజానికి మళ్లీ రావడం అరుదు. రెండో భుజానికి మాత్రం కొంతమందికి వస్తుంది, కొన్నేళ్ల తేడాతో. షుగర్ అదుపులో లేనివాళ్లకి ఆ అవకాశం ఎక్కువ. వస్తే ఈసారి మూడు నెలలు బామ్ రాసుకుంటూ ఆగరు కదా, ఆ తలుపు రెక్కల పరీక్ష గుర్తుంటుంది. వచ్చే వారం, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే ముల్లు గుచ్చినట్టుండే మడమ నొప్పి గురించి.